కాలకుండా మండేది

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి రసాయనశాస్త్రంతో ఏం పని అని మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మిత్రుడు నన్ను అప్పుడప్పుడూ దెప్పుతూ వుంటాడు. నేను చెప్పే జవాబు ఒకటే. 'అయ్యా, మీ శాస్త్రం పుట్టకముందే మా వాళ్ళు వస్తువులకు పేర్లు పెట్టారు. ఆ పేర్లలో మీ శాస్త్రం కొంత దాక్కుని వున్నది' అంటాను. ఆయన నవ్వి వూరుకుంటాడు. కాని ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన కూడా తల వూపక తప్పలేదు. ఆ మాట 'మిరప'.

మిరియంలోంచి మిరప వచ్చింది. మిరియపు కాయ వాడగా వాడగా మిరపకాయ అయింది. తమిళులదీ ఇదే దారి. వారికి మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడిగులకు మెణసు మిరియం, మెణసినకాయి మిరపకాయ. హిందీవారు కాలీ మిర్చ్, లాల్ మిర్చ్ అని రంగు మార్చి సరిపెట్టుకున్నారు. మొక్కల శాస్త్రం తెలిసినవారిని అడిగితే మాత్రం ఈ రెండింటికీ ఏ బంధుత్వమూ లేదంటారు. మిరియం తీగ జాతి, తమలపాకుకు సొంత చుట్టం. మిరప వంకాయకూ టమాటాకూ చుట్టం. పైగా పరదేశి. అమెరికా ఖండంలో పుట్టి, 1498లో వాస్కో డ గామా మన తీరానికి వచ్చిన తరువాతనే పోర్చుగీసువారి ఓడల్లో మన దేశం చేరింది. రుద్రమదేవి మిరపకాయ రుచి ఎరుగదన్నమాట! 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూటి ఇంటి భోజన వర్ణన వున్నది గదా, ఆ విస్తట్లో ఎన్ని వున్నా మిరపకాయ వుండే వీలు మాత్రం లేదు. వరంగల్లు మిర్చి అని ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే నేల మీద ఆనాడు కారం అంటే మిరియమూ, పిప్పలీ, శొంఠీని.

మరి ఏ చుట్టరికమూ లేని రెంటికి ఒకే పేరు పెట్టిన మన పూర్వులు పొరపాటు పడ్డారా? ఇక్కడే నా మిత్రుడు తల వూపింది. మిరియంలోని ఘాటును వేరుచేసినవాడు అయిర్‌స్టెడ్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు. అది 1819లో. విద్యుత్తుకూ అయస్కాంతానికీ వున్న సంబంధం కనిపెట్టిన మహానుభావుడు కూడా ఈయనే. ఆ పదార్థం పేరు పైపరిన్. మిరపకాయలోని ఘాటును 1876లో థ్రెష్ అనే ఇంగ్లీషాయన దాదాపు శుద్ధంగా తీసి కాప్సైసిన్ అని పేరు పెట్టాడు. దాని నిర్మాణం తేలేటప్పటికి 1919 అయింది. తేలిన సంగతి ఏమిటంటే, రెండూ ఎమైడ్‌లే. రెంటికీ ఒక కొసన బెంజీను వలయం వున్నది. మొక్కలు వేరు, ఖండాలు వేరు, ఘాటు వంశం మాత్రం ఒక్కటే. నాలుక పెట్టిన పేరును ప్రయోగశాల మూడువందల యేళ్ళ తరువాత ఒప్పుకున్నది.

ఎమైడ్ అంటే ఏమిటని అడిగే ఇల్లాండ్రకు నాకు తెలిసిన భాషలో చెబుతాను. రాముడు, అతడు అనే రెండు మాటలు కలిస్తే 'రాముడతడు' అవుతుంది. మధ్యనున్న ఉకారం లోపిస్తుంది. అలాగే ఆమ్లం ఒకటీ, అమోనియా సంతానమైన ఎమీన్ ఒకటీ కలిసినప్పుడు మధ్యనుంచి ఒక్క నీటి అణువు లోపించి రెండూ ముడిపడతాయి. ఆ సంధి పేరే ఎమైడ్. మన వంట్లో మాంసకృత్తులను కట్టి వుంచే ముడీ ఇదే, నైలాను దారంలో వుండే ముడీ ఇదే. చాలా గట్టి ముడి. ఇక ఆరు కర్బన పరమాణువులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే అది బెంజీను వలయం. ఆ జాతిలో మొదట దొరికినవి మంచి వాసనగలవి కావడంచేత వాటికి ఏరోమాటిక్ అని పేరు పడింది. కాప్సైసిన్‌లో ఆ వలయమున్న తల భాగం వనిల్లా పరిమళానికి దాదాపు తోబుట్టువు. పిల్లలు చప్పరించే ఐస్‌క్రీములో వాసనా, వాళ్ళ నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తినే మిరపకాయ బజ్జీలో మంటా ఒకే ఇంటివి సుమండీ! తోక భాగం మాత్రం నూనెలలో వుండే కొవ్వు గొలుసు వంటిది.

ఈ తోకే మన వంటింటి అనుభవాలు చాలావాటికి కారణం. శుద్ధమైన కాప్సైసిన్ తెల్లని స్ఫటికాలుగా వుంటుంది. 62 నుంచి 65 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. నీళ్ళలో ఇంచుమించు కరగనే కరగదు. నూనెలోనూ, సారాయిలోనూ సులభంగా కరుగుతుంది. అందుకే నోరు మండినప్పుడు చెంబెడు నీళ్ళు తాగినా మంట తగ్గదు సరికదా, నోరంతా పాకుతుంది. పెరుగన్నమో, మజ్జిగో అయితే పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు ఆ కొవ్వు తోకను పట్టుకుని లాక్కుపోతుంది. ఆవకాయలో నూనె ఎర్రబడి, కారమెక్కి, ముక్కకన్నా వూటే రుచిగా వుండడానికీ ఇదే కారణం. ముడి గట్టిది గనుక పులుసు ఎంత మరిగినా కారం పోదు, ఏడాది దాటిన జాడీలోనూ పోదు. ఇంకొక మాట. కారమంతా గింజల్లో వుంటుందని చాలామంది గింజలు దులిపి పారేస్తారు. ఘాటు తయారయ్యేది గింజలు అంటుకుని వుండే తెల్లని పొరలో. గింజకు అంటినది ఆ పొరనుంచి అంటినదే.

దిష్టి తీసి ఎండు మిరపకాయలు పొయ్యిలో వేసినప్పుడు కోరు రాకపోతే దిష్టి తగిలినట్టని మా అమ్మ నమ్మకం. మంట బాగా వున్న పొయ్యిలో ఘాటు పూర్తిగా కాలిపోతుందనీ, నిప్పు మందంగా వుంటే పొగతోపాటు లేచి ముక్కుకెక్కుతుందనీ నా అనుమానం. ఆవిడ ముందర ఎప్పుడూ అనలేదు.

అసలు ఈ మంట ఎలా పుడుతుంది? మన చర్మంలోనూ, నోటిలోనూ నరాల కొసలకు వేడిని పసిగట్టే తలుపుల వంటివి వున్నాయి. వేడి సుమారు 43 డిగ్రీలు దాటితే అవి తెరుచుకుని, 'కాలుతున్నది' అని మెదడుకు కబురు పంపిస్తాయి. కాప్సైసిన్ తగిలితే వేడి లేకుండానే ఆ తలుపు తెరుచుకుంటుంది. మిరియంలోని పైపరిన్ తట్టేదీ ఆ తలుపునే. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు కాప్సైసిన్‌నే ఎరగా వేసి ఆ తలుపును పట్టుకున్నారు. 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి జూలియస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. తెలుగులో నిప్పుకూ మంటే, కారానికీ మంటే. 'నోరు మండుతున్నది' అన్నప్పుడు మనం అలంకారం వాడుతున్నామనుకుంటాము గాని, నరాల లెక్కన అది అక్షరాలా నిజం. నిప్పు లేదు, కాలిన గాయం లేదు, నిప్పు కబురు మాత్రం చేరింది. పక్షులలో ఆ తలుపుకు కాప్సైసిన్ అంటదు. అవి పండు మిరపకాయలను నిమ్మళంగా కొట్టుకుతిని, గింజలను దూరాన విడిచి వస్తాయి. నమిలి గింజను పాడుచేసే జంతువును తరిమి, మింగి మోసుకుపోయే పక్షిని పిలవడం, ఆ మొక్క ఎత్తుగడ ఎంత చక్కనిది!

ఇక మనిషి దీనిని ఎన్ని పనులకు పెట్టాడో చెప్పవలె. అదే తలుపును మళ్ళీ మళ్ళీ తట్టితే నరం అలసి మొద్దుబారుతుంది. ఆ గుణంతోనే కీళ్ళనొప్పుల పూతమందుల్లో కాప్సైసిన్ కలుపుతారు. అక్కి తగ్గినా వదలని నరాల పోటుకు నూటికి 8 పాళ్ళ కాప్సైసిన్ వున్న పట్టీని 2009లో యూరపులోనూ, అమెరికాలోనూ అనుమతించారు. అది వైద్యుల చేతిమీదుగా వేయవలసినదే, మనంతట మనం చేసుకునే చిట్కా ఎంతమాత్రమూ కాదు. జ్వరానికి మనం మింగే పారాసిటమాల్ కూడా బెంజీను వలయమున్న ఎమైడే కావడం ఒక చమత్కారం. ఒక చుట్టం లేని మంట పుట్టిస్తాడు, ఇంకొక చుట్టం వున్న వేడిని దింపుతాడు. మిరపసారాన్ని పిచికారీ చేసి దుండగులను నిలువరించడం పోలీసుల విద్య. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు ప్రవేశపెట్టిన రోజున లోక్‌సభలోనే ఒక సభ్యుడు ఆ పిచికారీ కొట్టగా మంత్రులూ సభ్యులూ దగ్గుకుంటూ బయటికి పరుగెత్తిన దృశ్యం మనమంతా టెలివిజన్‌లో చూశాము. రాష్ట్ర చరిత్రలో ఒక ఎమైడ్‌కు ఇంత పాత్ర దక్కుతుందని ఎవరనుకున్నారు!

కారం కొలవడానికొక కొలమానం కూడా వున్నది. 1912లో స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిరపసారాన్ని పంచదార నీళ్ళలో పలుచన చేస్తూ పోయి, రుచి చూసేవారికి మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు పలుచన చేయవలసి వచ్చిందో లెక్కగట్టాడు. బెంగుళూరు మిరపకు సున్న. శుద్ధ కాప్సైసిన్‌కు 1 కోటీ 60 లక్షలు. మన ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లో విరివిగా పండే తేజ రకం లక్షకు దరిదాపుల్లో వుంటుంది. విదేశాలవారు సారం తీయడానికి తేజను కొంటారు.

కాని కారమే సర్వస్వం కాదని మా అక్కయ్య ద్వారా తెలిసింది. బావగారి సింగరేణి వుద్యోగం వల్ల వారి కాపురం భూపాలపల్లిలో. ఏటా వేసవికి ముందు అక్కడనుంచి జనగామకు నాకొక మూట వస్తుంది. అందులో వుండేవి చపాటా మిరపకాయలు. పొట్టిగా, లావుగా, టమాటాలాగా బొద్దుగా వుంటాయి. టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు చూస్తే కుంకుమ తల వంచుకోవలె, కారం మాత్రం తగుమాత్రం. పచ్చళ్ళకు ఇంతకన్నా మంచిది లేదని అక్కయ్య తీర్పు. ఆ ఎరుపు వేరే పదార్థాలది, ఎమైడ్‌తో దానికి సంబంధం లేదు. అందుకే ఒక కాయలో రంగు ఎక్కువగానూ, మంట తక్కువగానూ వుండడం కుదురుతుంది. 2005లో ఇంగ్లండులో కారంపొడిలో సూడాన్ అనే కృత్రిమ రంగు బయటపడి వందలకొద్దీ తినుబండారాలను అంగళ్ళనుంచి వెనక్కు తీసుకోవలసి వచ్చింది. అటువంటి గొడవల తరువాత సహజమైన ఎరుపుకు గిరాకీ ఎందుకు పెరిగిందో వేరే చెప్పనక్కరలేదు. తిమ్మంపేట మిర్చి రైతుల సంఘమూ, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానమూ, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయమూ పూనుకొనగా, 2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు లభించింది. కొన్ని వందల యేళ్ళ క్రితం ఓడ దిగిన పరదేశి కాయకు మన వూరి పేరు కట్టబెట్టారు. నాకు సంతోషమే.

అయితే ఈ కాయ పేరు చెప్పగానే సంతోషించే స్థితి అందరికీ ఎల్లప్పుడూ వుండదు. 2021 చలికాలంలో నల్ల తామర పురుగు వచ్చిపడి మహబూబాబాద్, భూపాలపల్లి, ఖమ్మం జిల్లాల్లో మిరప తోటలను పూతలోనే తినేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఎకరాకు లక్షకు పైన మదుపు పెట్టి, కౌలు ముందే కట్టినవారు దున్నేసుకున్నారు. ఆ శీతాకాలంలో కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కాయలోని ఎమైడ్ పందికొక్కును, పశువును దూరం పెట్టగలదు గాని, పువ్వులో దూరే ఆ పురుగు దగ్గర దాని ఆట సాగలేదు.

మహబూబాబాద్‌ను ఇప్పటికీ మానుకోట అనే పిలిచే శిష్యుడొకడు నాకు వున్నాడు. వాళ్ళ వూరు ఆ పట్నానికి దగ్గరే. ఒక ఫిబ్రవరిలో వాళ్ళ కల్లానికి తీసుకుపోయాడు. ఎర్రని తివాసీ పరిచినట్టు ఎకరం మేర కాయలు ఆరబోసి వున్నాయి. చూడడానికి ముచ్చట, నిలబడడానికి గండం. నేను పది నిమిషాల్లో ఇరవైసార్లు తుమ్మాను. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకుని తాలు కాయలు ఏరిపారేస్తున్నారు. పక్క చేలో కొందరు చెట్ల మీది పండు కాయలు కోస్తున్నారు. వారిలో కొందరు ఛత్తీస్‌గఢ్ నుంచి ఏటా ఈ పనికే వచ్చేవారని శిష్యుడు చెప్పాడు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు ములుగు వైపు మిరప తోటల నుంచి కాలినడకన బయలుదేరిన బస్తరు పిల్ల ఒకతె ఇల్లు చేరకుండానే కన్నుమూసిన వార్త అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల.

నేను పంతులు బుద్ధి పోనిచ్చుకోలేక, కల్లంలో ఒక పెద్దావిడను పలకరించి, చేతుల మంటకు నీళ్ళు పనికిరావనీ, ముందు నూనె రాయవలెననీ చెప్పబోయాను. ఆవిడ తల ఎత్తకుండానే, 'నూనె రాసుకుంటనే వున్నం సారూ, మాకెరుకనే. రాత్రి చేతులు నిప్పుల వెట్టినట్టుంటయి, నిద్ర వట్టది. ఎరుకున్నా ఏం జేస్తం, తెల్లారితె మళ్ల గదే పని' అన్నది.

ఈ చేతుల మంటకు వైద్య పుస్తకాల్లో ఒక పేరు వున్నది. హునాన్ చేయి. చైనాలోని హునాన్ రాష్ట్రంలో కారాలు ఎక్కువ. ఆ పద్ధతి వంటకు మిరపకాయలు తరిగిన మనిషి చేతులు మండి వైద్యుడి దగ్గరికి పోగా, 1981లో అమెరికాలో ఒక వైద్యపత్రికలో ఆ సంగతి అచ్చయి ఆ పేరు స్థిరపడింది. నాలుగు కాయలు తరిగినందుకే చేతికొక పేరు పెట్టారు. రోజంతా, నెలల తరబడి ఏరే చేతులకు మానుకోట చేయి అని పేరుపెట్టిన పుస్తకం ఏదీ నా కంటబడలేదు. రసాయనం మాత్రం ఇద్దరికీ ఒకటే. కొవ్వు తోక గనుక చర్మంలోకి ఇంకుతుంది, గోళ్ళ సందుల్లో నిలుస్తుంది. వేడినీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. మన ఇళ్ళల్లో కారాలు కొట్టించే రోజులు వస్తున్నాయి గనుక ఇల్లాండ్రకు కూడా చెబుతున్నాను. పని కాగానే పల్లీనూనో, కొబ్బరినూనో చేతులకు బాగా పట్టించి, పొడిగుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో చన్నీళ్ళలో కడగవలె. గోళ్ళ కింద మరచిపోరాదు. ఆ చేత్తో కళ్ళు నలపరాదు, పసిపిల్లలను ఎత్తుకోరాదు. కంట్లో పడితే నూనె జోలికి పోక, చన్నీళ్ళతో చాలాసేపు కడిగి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవలె. పనిమనిషి చేత తొడిమలు తీయించేవారు ఆమెకు కూడా గిన్నెలో కాస్త నూనె పోసి పెట్టడం మరవకండి.

చేతి తొడుగులు ఇస్తే పోదా అని శిష్యుణ్ణి అడిగాను. ఇచ్చాము సారు, వేసుకోరు అన్నాడు. చేలో కోతకు కూలి తూకం లెక్కన. తొడుగు వుంటే వేళ్ళకు పట్టు దొరకదు, కాయ తొందరగా తెగిరాదు, సాయంత్రానికి తూకం తగ్గుతుంది. ఆ మాట నిజమే. ఆ మడిలో వున్న పదిహేనుమందిలో ఒక్క మనిషే చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడిగి, మణికట్టు దగ్గర దారం చుట్టుకుని కోస్తున్నది. చిన్న వయసు. గట్టు మీద వేపచెట్టుకు కట్టిన చీర వుయ్యాలలో ఆమె బిడ్డ వున్నాడు. పొద్దుగూకాక తూకాల దగ్గర నిలబడి చూశాను. అందరి బస్తాలకన్నా ఆమెదే వెలితిగా వున్నది.